కొంగుకు గుచ్చిన మైకు

నయాపూల్ దగ్గర అమ్మా నేనూ జామకాయలు అమ్మేవాళ్లం. కేకలు వేయడం నా పని. ఆ ఏడాది కేక సగంలోనే నా గొంతు పోయేది. "పని ఎగ్గొట్టనీకి నాటకాలు," అనేది అమ్మ. ఆస్పత్రిలో గొంతును పరీక్షించే మిషన్ పెట్టారని విని, అమ్మను కూడా లాక్కుపోయాను.

"ఆ" అనమంది డాక్టరమ్మ. పెద్దవాళ్ల ముందు అరవకూడదని మెల్లగా అన్నాను. మిషన్లో తేడా ఏమీ కనబడలేదు.

"చూసినవా? ఏం రోగం లేదు," అంది అమ్మ. నాకు ఏడుపొచ్చింది.

అక్కడే వైర్‌లెస్ మీద పరిశోధన చేసే ఇంజనీరు ఒకాయన చిన్న మైకు నా కొంగుకు గుచ్చాడు. "దీనికి తీగ లేదు చెల్లె. కిందికి పోయి బజార్ల లెక్కనే కేకెయ్యి. ఈ డబ్బాల మాకు ఇనిపిస్తది."

కిందికి దిగి ఆవరణలో నిలబడ్డాను. ఇప్పుడూ గొంతు బాగుంటే నన్నిక ఎవరు నమ్ముతారు?

"జామకాయలోయ్!" రెండుసార్లు బాగానే పలికింది. మూడోసారి గొంతు చీలి, వట్టి గాలే వచ్చింది.

పైన కిటికీలోంచి అమ్మ అరిచింది: "చాలు బిడ్డా, ఇగ ఒర్లకు!"

నెలరోజులు నోరు విప్పొద్దంది డాక్టరమ్మ. మర్నాటి నుంచి కేకలు అమ్మవి, తూకం నాది. మాట్లాడకుండా ఉండటమే మస్తు కష్టమైంది.