ఉప్పుకుండ చెమర్చిన రోజు

పొద్దున్నే ఉప్పు జాడీ మూత తీస్తే ఉప్పు చెమర్చి వేళ్లకు అంటుకుంది. డాబా మీద ఆరబెట్టిన వడియాలు లోపల పెట్టేశాను. మధ్యాహ్నానికి వాన దంచికొట్టింది. ఉప్పు తడి తగిలితే చాలు, వరహాలరావు గారు గుర్తొస్తారు. సిగ్గుతో నా మొహం వేడెక్కుతుంది.

ఆయన శాస్త్రవేత్త, పాతపట్నం రైతు బిడ్డ. వారం వారం టీవీలో సైన్సు చెప్పేవారు, అదీ మన యాసలోనే. "నమ్మకండి, సేసి సూడండి" అనేవారు. తను చేసి చూడనిదేదీ చెప్పేవారు కాదు. ఆయనకు స్క్రిప్టులు నేనే రాసేదాన్ని. కళింగపట్నంలో మా అమ్మ ఎండుచేపలు అమ్ముతుందని మాత్రం ఎవరికీ చెప్పలేదు. నాన్న హెడ్మాస్టరని కోతలు కోశాను. కోతలకు పన్ను లేదు గదా!

ఒకసారి మూఢనమ్మకాల మీద ఎపిసోడు. టైము చాలడం లేదు. ఉప్పుకుండ చెమరిస్తే వాన వస్తుందని చేపలు ఆరబెట్టరంటూ, మా అమ్మ పద్ధతినే వేళాకోళంగా రాసిచ్చాను.

"ఇది కనుక్కున్నావా?" అన్నారు.

"కనుక్కున్నాను సార్."

ఆ ఒక్కసారి నా మాట నమ్మి, తెర మీద నవ్వేశారు.

మూడో రోజున మా అమ్మ చంకలో ఉప్పుకుండతో విజయనగరం స్టూడియోకి వచ్చేసింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ మాట రాసిచ్చింది ఎవరో ఆమెకు తెలియకుండా ఉంటుందా?

"ఏటి బాబూ, నా కుండని సూసి నవ్వినావు? ఏలెట్టి సూడు!"

ఆయన వేలు పెట్టారు. తడి. బయట చూస్తే ఎండ మండిపోతోంది. అమ్మను తన కుర్చీలో కూర్చోబెట్టి, కెమెరా సిద్ధం చేయించారు. మైకు పెట్టడానికి నేనే వెళ్లాల్సి వచ్చింది. అమ్మ అందరి ముందూ నా మొహంలోకి చూసింది.

"నీ పేరేటమ్మా?"

నిర్ఘాంతపోయాను. నా పరువు కాపాడుతోంది! కన్నతల్లికి నా పేరు చెప్పి, మైకు పెట్టి, పక్కకు తప్పుకున్నాను.

"తప్పు నాది," అన్నారు ఆయన కెమెరాతో. "సేసి సూడకుండా నవ్వినాను. గాల్లో తేమ పెరిగితే ఉప్పు ముందే పీల్సుకుంటాది. ఈ తల్లి అది కనిపెట్టింది." నా పేరు ఎత్తలేదు. రికార్డింగు పూర్తయ్యేసరికి రేకుల మీద వాన మొదలైంది.

అమ్మ వెళ్లిపోయాక ఏడుస్తూ చెప్పాను. "సార్, ఆవిడ మా అమ్మ."

"తెలుసు. నీ పేరడిగినాక ఆవిడ నీ మీద నుంచి సూపు తిప్పలేదు. అప్పుడైనా సెప్తావేమోనని సూసినాను."

ఇప్పుడా కార్యక్రమం నేనే చేస్తున్నాను. ఏదీ చేసి చూడకుండా చెప్పను. ప్రతి వారం మొదటి మాటగా, "నేను కళింగపట్నం ఎండుచేపల నూకాలమ్మ కూతుర్ని" అంటాను. వినాల్సిన ఇద్దరూ లేరు.