మైనంలో ముంచని పికప్

గిటార్ తీగల మోతను స్పీకర్‌కు అందించే పికప్‌లు చుట్టే మేస్త్రీ వేళ్లు వెంట్రుక కన్నా సన్నని రాగితీగను ఏడువేల చుట్లు తెగకుండా తిప్పుతాయి. కోపమొస్తే అవే వేళ్లు ముందూ వెనకా చూడవు. పాతికేళ్లుగా ఆ దెబ్బలు తినేది తమ్ముడే. చత్వారం వచ్చిన అన్నకు తీగ కొస వెతికి పట్టిచ్చేదీ తమ్ముడే. చుట్టిన ప్రతి పికప్‌నూ మేస్త్రీ కరిగిన మైనంలో ముంచుతాడు. లోపల తీగ కదిలితే గిటార్ చెక్క మీద పడ్డ ప్రతి చప్పుడూ స్పీకర్‌లోకి పోతుందంటాడు. ఆపైన స్ప్రింగుల మీద నిలుపుతాడు, చెక్కకు తగలనివ్వడు.

ఆ రోజు తమ్ముడు మైనంలో ముంచకుండా ఒకదాన్ని నేరుగా చెక్కకే బిగించి, స్పీకర్‌కు కలిపాడు.

“నా మాటంటే గడ్డిపరకరా నీకు?”

“ఒక్కసారి విను అన్నయ్యా. చెక్క కూడా పలుకుతుంది.”

మేస్త్రీ చెంప పగలగొట్టాడు. తమ్ముడు తూలి గిటార్ మీద పడ్డాడు. అతని దవడ చెక్కకు తగిలిన చప్పుడు ముందుగదిలో స్పీకర్‌లోంచి పిడుగులా వచ్చింది.

అక్కడ కూర్చున్న గిటార్ ఆసామి కేకేశాడు. “అబ్బ! ఇదే నాకు కావలసింది మేస్త్రీ. ఇక ముట్టుకోకండి.”

తమ్ముడు పెదవి మీది నెత్తురు తుడుచుకుని నవ్వాడు. “ఇంకోటి వెయ్యి అన్నయ్యా. ఆయనకు నచ్చింది.”

మేస్త్రీ చెయ్యి లేవలేదు. మరలు విప్పి, పికప్‌ను మైనంలోకి దించాడు. బుడగలు పైకొస్తున్నాయి. వెనక తమ్ముడు తన పనిముట్లు సంచిలో వేసుకుంటున్నాడు. ఆఖరి బుడగ పగిలేదాకా మేస్త్రీ తల తిప్పలేదు. తిప్పేసరికి తలుపు తెరిచి ఉంది.