పెట్టెను అడగని ఫోను

నెట్‌వర్క్ ఇంజనీరు పొద్దున్నే కళ్లద్దాలు బనియను అంచుతో తుడుచుకుని, ముందుగా వైఫై రౌటరు పక్కనున్న చిన్న పెట్టెలోని జాబితా తెరుస్తాడు. ఇంట్లో ఎవరు ఏ సైటు తెరిచినా వాళ్ల ఫోను దాని చిరునామా ఆ పెట్టెనే అడిగేలా, అడిగిన పేరల్లా అందులో నమోదయ్యేలా అతనే అమర్చాడు. చెడ్డ సైట్లు రాకుండా అని భార్యకు చెప్పాడు. చదివేది మాత్రం ఆమె ఫోను అడిగిన సైట్ల పేర్లే, వేలితో ఒక్కో వరసా జరుపుతూ.

నాలుగు రోజులుగా ఆ ఫోను ఒక్క పేరూ అడగలేదు. ఆమె చూస్తే అందులోనే మునిగి నవ్వుకుంటోంది. అతనికి అన్నం సయించలేదు. ఆమె ఆఫీసులో కొత్తగా చేరిన పొడుగాటి మనిషే ఏదో కిటుకు నేర్పి ఉంటాడనుకున్నాడు. ఐదో రోజు ఆమె స్నానానికి వెళ్లగానే ఫోను తీశాడు. దాన్ని తెరిచే అంకెలు ఆమె ఏనాడూ దాచలేదు. చూస్తే, ఫోను అప్‌డేటై తనంతట తానే చిరునామాలు బయట ఎక్కడో అడుగుతోంది. అంతే. అతను హమ్మయ్య అనుకుని దాన్ని పాత దారికి మారుస్తుండగా ఆమె వచ్చింది.

"నా ఫోనుతో ఏం పని?"

"ఇది మన పెట్టెను అడగడం మానేసింది. సరిచేస్తున్నా."

"మానేసిందని నీకెలా తెలుసు?"

అతని చూపు రౌటరు పక్కనున్న పెట్టె మీదికి పోయింది. ఆమె ఫోను లాక్కుంది.

"నన్నడిగితే అన్నీ చెప్పేదాన్ని. ఇకమీదట అడిగినా చెప్పను."