బాబాయి శనివారాలు

మొన్న మా మనవరాలు రెండు చపాతీలు తిని షటిల్ ఆడటానికి వెళ్ళి, ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరందక అక్కడే పడిపోయింది. అమలాపురంలో డాక్టరుగారు సూదిమందు వేసి, పరీక్షలన్నీ చేయించి, కొందరికి గోధుమ తిన్నా ఏమీ కాదనీ, ఆడినా ఏమీ కాదనీ, తిన్న కాసేపటికే ఒళ్ళు అలిసేలా ఆడితే మాత్రం ప్రాణం మీదికొస్తుందనీ చెప్పారు. పిల్ల గండం గడిచిందని అందరూ స్థిమితపడ్డారు గానీ నాకు మాత్రం మా బాబాయి గుర్తొచ్చాడు.

అంబాజీపేటలో కొబ్బరికాయలు వలవడమంటే మా బాబాయే వలవాలి. నేలలో పాతిన గునపం మొన మీద కాయను గుచ్చి ఒక్క విసురు విసిరితే పీచంతా ఊడిపడేది, కొట్ల వాళ్ళు పోటీపడి పిలిచేవారు. రాజోలు దగ్గర సంబంధం కుదిరి తాంబూలాలు కూడా పుచ్చుకున్నారు. మన వయసువాళ్ళకి చెప్పక్కర్లేదు, అన్నం తప్ప మరొకటి భోజనమని ఎరగని ఇళ్ళు మనవి. మా ఇంట్లో గోధుమ మొహం చూసేది శనివారం నాడే. ఆ రోజు ఉపవాసమని నానమ్మ అందరికీ మధ్యాహ్నం అన్నం మాన్పించి గోధుమరవ్వ ఉప్మా చేసేది, అందులో జీడిపప్పు పలుకుల కోసం మేం పిల్లలం కొట్టుకు చచ్చేవాళ్ళం, అది వేరే సంగతి.

ఒక శనివారం ఉప్మా తిని పనికి వెళ్ళిన బాబాయిని ఇద్దరు మోసుకొచ్చారు. మొహం వాచిపోయింది, ఒళ్ళంతా దద్దుర్లు, పిలిస్తే పలకడు. కొన్నాళ్ళకి మరో శనివారం, ఆ తర్వాత ఇంకో శనివారం అదే తంతు. మిగతా రోజుల్లో ఎన్ని కాయలు వలిచినా నిక్షేపంలా ఉండేవాడు. ఇంకేముంది, శని పట్టిందన్నారు. ఆడపిల్లవారు మూర్ఛరోగమని తాంబూలాలు తిప్పి పంపేశారు. నానమ్మ మందపల్లి శనీశ్వరుడికి తైలాభిషేకాలు చేయించి, ఉపవాసం ఇంకా గట్టిగా ఉండాలని శనివారం పొద్దుటి చద్దన్నం కూడా మాన్పించి, రెండు పూటలా ఉప్మాయే పెట్టడం మొదలుపెట్టింది. కొడుకు నీరసించిపోతాడని కొసరి కొసరి పెట్టేది, పిచ్చితల్లి. జబ్బు అంతకంతకూ ముదిరింది.

చివరికి ఆ శనివారాల భయంతో ఎవరూ పనికి పిలవలేదు. బాబాయి ఒక కొబ్బరి కొట్టుకి కాపలాగా కుర్చీలో కూలబడ్డాడు. ఒళ్ళు వంచే పని లేకపోయేసరికి మళ్ళీ ఎన్నడూ పడలేదు. దేవుడు కరుణించాడని నానమ్మ కనపడిన వాళ్ళందరికీ చెప్పుకుని, ఆ తృప్తితోనే కన్నుమూసింది. బాబాయి మళ్ళీ పెళ్ళి ఊసెత్తలేదు, శనివారం ఉప్మా మాత్రం నేటికీ మానలేదు.

చెప్పాలా వద్దా అని నాలో నేనే నలిగి నలిగి, మొన్న ఆదివారం బాబాయి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేశాను. డాక్టరుగారు కూడా అదే అయ్యుంటుందన్నారని చెప్పాను.

“అయితే శని కాదన్నమాటమ్మా,” అన్నాడు.

“ఆయ్, కాదంట బాబాయ్.”

“పోన్లే. పెట్టిన చెయ్యి మా అమ్మది. తెలీకుండానే పోయింది, అదే నయం.”

ఇప్పుడు పిల్ల పడిపోతే ఏం తిన్నావు, ఏం చేశావు అని అడుగుతున్నారు. ఆ రోజుల్లో మేం ఏ వారం పడ్డాడో చూశాం, అంతే. దాంతోనే మా బాబాయి బతుకు తెల్లారిపోయింది.