చర్చి వెనుక మొలిచిన చెరకు

ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే, ఆ సమయంలో వెలుతురు ఎంత ఉందని అడిగే మనిషిని నేను. నిజామాబాద్‌లో చాలాకాలం భౌతికశాస్త్రం బోధించాను. కొలవలేనిదాన్ని నమ్మమని నన్నెవరూ ఒప్పించలేకపోయారు. ఇప్పుడూ నమ్మడం లేదు. చూసింది చెబుతున్నాను, అంతే.

మాది బోధన్ చెరకు ప్రాంతంలోని ఒక చిన్న ఊరు. అక్కడి చర్చిని, చక్కెర ఫ్యాక్టరీ తొలినాళ్లలో, ఒక ఇంగ్లీషు ఇంజనీరు తన దేశపు ఆంగ్లికన్ పద్ధతిలో కట్టించాడంటారు. ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయింది; చర్చి మిగిలింది. దాని చరిత్ర రాయమని చర్చి సంఘం కార్యదర్శి దేవదానం నన్ను అడిగాడు. ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్లం. "నువ్వు రాస్తే ఎవ్వలు కాదనరురా," అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది.

ప్రతి మాటా పరీక్షించాను. చర్చి గంట ఓడలో లండన్ నుంచి వచ్చిందనేవారు. నిచ్చెనెక్కి చూస్తే దాని అంచున హైదరాబాద్‌లో గంటలు పోతపోసేవాళ్ల ఉర్దూ ముద్ర కనిపించింది.

ఇక సమాధుల సంగతి. చర్చి వెనుక ఖాళీ జాగాలో ఫ్యాక్టరీ కూలీలను పాతిపెట్టేవారని మా పెద్దమ్మ కూతురు రత్నమ్మక్క చెప్పింది. రాయి పెట్టే స్తోమత లేక తలవైపు చెరకు ముచ్చె, అంటే కణుపున్న ముక్క, నాటేవారట. ఏటా ఫ్యాక్టరీలో చెరకు ఆడించడం మొదలైన రోజున పాతది తీసి కొత్తది నాటేవారట. ఫ్యాక్టరీతోపాటే ఆ ఆచారమూ పోయింది.

"మా అవ్వ గీడనే ఉన్నది తమ్మీ," అని వేలితో చోటు చూపించింది. తల్లిని అక్కడ పాతిపెట్టేనాటికి ఆమె చిన్నపిల్ల.

నేను రాసింది ఇది: సమాధులున్నాయనడానికి పైకి ఆనవాలు కనబడలేదు, అయితే తవ్వి చూడకుండా లేవని చెప్పకూడదు. దేవదానం అచ్చు వేయించిన పుస్తకంలో ఆ వాక్యం మొదటి సగమే ఉంది. కింద నా పేరు ఉంది. ఆ వాక్యమే చూపించి, ఆ జాగాలో ఫంక్షన్ హాలు కట్టడానికి దేవదానం సంఘాన్ని ఒప్పించాడు. నాకు తెలిసి పరుగెత్తేసరికి జేసీబీ నేలంతా చదును చేసేసింది. ఆ సాయంత్రం నేను చూసింది గడ్డిపోచ లేని ఎర్రమొరం.

మర్నాడు పొద్దున, పని ఆపించాలని అక్కను వెంటబెట్టుకుని వెళ్లాను. మొరం మీద మోకాలెత్తు పచ్చటి మొలకలు వరుసలుగా నిలబడి ఉన్నాయి.

రెల్లు అనుకున్నాను. కాదు, చెరకు. ఎవరో తెచ్చి నాటారనుకున్నాను. అలాగైతే మొదలు దగ్గర మట్టి వదులుగా ఉండాలి. ఒకదాన్ని లాగితే కదల్లేదు, గడ్డపారతో తవ్వాల్సి వచ్చింది. చెరకు, ముచ్చె కణుపు మీదుండే కన్ను నుంచి మొలుస్తుంది. దీని వేళ్ల కింద ముచ్చె లేదు. తర్వాత ఒక వ్యవసాయ శాస్త్రవేత్తకు చూపించాను. చెరకేనన్నాడు, ఒక్క రాత్రిలో అంత ఎదగడం అసాధ్యమన్నాడు.

అక్క ఇవేవీ పట్టించుకోలేదు. తాను చూపించిన చోట ఒక మొలక ఉంది. దాని ముందు కూర్చుంది.

దేవదానం వచ్చాడు.

"ఏమ్రా సైన్సూ, రాత్రికి రాత్రే తోట వెట్టినవా?"

జేసీబీ డ్రైవర్ నవ్వాడు. దేవదానం కూడా నవ్వుతూనే మొలకల మధ్య నడిచాడు. గోడవార ఉన్న ఒకదాని దగ్గర ఆగిపోయాడు. అతను చెప్పులు విడిచి తల వంచాడు. అతని తండ్రి కూడా ఫ్యాక్టరీ కూలీయే.

"అంటె నీకు ఎరుకే," అంది అక్క, గొంతు పెంచకుండా.

అతను చెప్పులు తొడుక్కుని డ్రైవర్‌కు కానివ్వమని చెయ్యి ఊపాడు. డ్రైవర్ కాసేపు అతని వంక చూసి, బండి స్టార్ట్ చేశాడు.

హాలు లేచింది. ఆ మొలకలకు నేటికీ నా దగ్గర కారణం లేదు. దేవదానం చెప్పులు విడవడానికి మాత్రం, నాకు తోచింది కాక వేరే కారణం ఏదైనా దొరుకుతుందేమోనని ఇంకా వెతుకుతున్నాను.