పసుపు ఆరని గడప

గడపకి పసుపు రాస్తుంటే ఆ వాసనకి మా మామ్మ గుర్తొస్తుంది.

అరవైల చివర, సాలూరు దగ్గర మా ఊళ్లో నక్సలైట్ల కోసం పోలీసులు చెప్పాపెట్టకుండా ఇళ్లు సోదా చేస్తున్న రోజులవి. ఓ శుక్రవారం పొద్దున్న ఇద్దరు పోలీసులు బూట్లతో మా గుమ్మం దాకా వచ్చేశారు. మామ్మ అప్పుడే గడపకి పసుపు రాసింది.

"పసుపు ఆర్నేదు బాబూ, తొక్కకండి. ఏటి కావాలో అక్కణ్ణుంచే అడగండి."

వాళ్లు తటపటాయించి ఆగారు. చిన్నపిల్లని కదా, పాపం చుట్టాలు ఎండలో నిలబడిపోయారనుకుని, పసుపు తొందరగా ఆరాలని నేను తాటాకు విసనకర్ర తెచ్చి గడపకి గబగబా విసరడం మొదలెట్టాను.

"ఒసే, ఆపు!" అంటూ మామ్మ చెంబులో నీళ్లు చిలకరించి గడప మళ్లీ తడిపింది. "మనింట్లో దాసిందేటీ నేదు. అయినా అడక్కుండా తొక్కీడానికి గడపేటి, రోడ్డా?"

వాళ్లు బయటినుంచే రెండు మాటలడిగి వెళ్లిపోయారు.

ఆవిడ కాపాడింది పసుపుని కాదని పెద్దయ్యాక గానీ తెలియలేదు. ఇప్పటికీ గడప ఆరేదాకా మా ఇంట్లో ఫ్యాన్ వెయ్యనివ్వను.