ఐదవ ఛాతీ ఫొటో

చోడవరంలో ఎముకలకు కట్టు కట్టే పరదేశి అనేవాడి వ్రేళ్ళకు కన్నులున్నాయని ప్రతీతి. విరిగిన చోటు తడిమి తెలుసుకొని, కోడిగుడ్డు సొనలో మినపపిండి కలిపి పట్టించి, వెదురుబద్దలతో బిగించేవాడు.

డెబ్బయి ఒకటిలో బుచ్చయ్యపేట నుండి వరమ్మ అనే కూలిమనిషి, పదమూడేళ్ళ కూతురు ఏసుమణిని తీసుకొచ్చింది. మోకాలి వాపు. పరదేశి బెణుకనుకొని ఆరు వారాలు కట్టు కట్టాడు. వాపు తగ్గలేదు సరికదా, రాయిలా గట్టిపడి కాగసాగింది. పరదేశి తానే పిల్లను విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు.

డాక్టరు ఎక్స్‌రేను దీపపు పెట్టెకు ఆనించాడు. ఎముక చుట్టూ తెల్లని ముళ్ళు కిరణాల్లా చిమ్మి ఉన్నాయి. తెలియనివానికి దేవతామూర్తి వెనుక ప్రభామండలమే; అది కేన్సరు. ఛాతీ ఫొటో నిర్మలంగా ఉంది గనుక కాలు తీసివేస్తే ఆశ ఉందన్నాడు.

"నా కట్టు వల్ల ఆలీసం అయిపోనాదా, బాబూ?"

"ఇప్పుడే చెప్పలేను. పాకితే ముందు ఊపిరితిత్తులకే పాకుతుంది. మూడు నెలలకోసారి ఛాతీ ఫొటో తీయించండి."

కాలు తీసేశారు. ప్రతి ఫొటోకూ పరదేశే పిల్లను భుజాన మోసుకుని బస్సెక్కాడు. మచ్చ లేదన్న ప్రతిసారీ తన పాపం కొంత కడుగుకుపోయినట్లు సింహాచలం దిక్కుకు చేతులు జోడించేవాడు. ఊళ్ళో మాత్రం ఎక్స్‌రే ఫొటో తేనిదే ఎవరి ఒళ్ళూ ముట్టేవాడు కాదు.

"ఏటి పరదేశీ, నీ సేతి యేళ్ళకి కళ్ళు పోనాయా?" అని సంతలో ఎకసెక్కాలాడారు.

"ఉన్నాయిరా. ఎముక పైనే ఆగిపోతన్నాయి."

ఐదవ ఫొటోలో రెండు మచ్చలు, శనగగింజలంతేసి. డాక్టరు దీపం ఆర్పాడు.

తిరుగు బస్సులో ఏసుమణి అంది: "తాతా, నాకేసి సూడలేకపోతే బయటికి సూడు. అమ్మకి నేనే సెప్తాను."

చెప్పింది. పరదేశి వరమ్మ గుమ్మంలో కూలబడ్డాడు. "నా కట్టే గుంటపిల్లని సంపేస్తన్నాదమ్మా."

వరమ్మ అంది: "నిన్ను తిట్టాలనే ఉంది బాబూ. నీ కాడికి తెచ్చిందెవుర్తి? నేనే గదా. నన్నెవులు తిడతారు?"

చెరుకు నరికే రోజుల్లో ఏసుమణి కన్నుమూసింది. శవపేటిక ఎత్తేవేళ పరదేశి దూరంగా, వేరే మతంవాడినని వెనుకాడుతూ నిలుచున్నాడు. వరమ్మ చూసింది.

"అక్కడేటి సేస్తన్నావు? ముందుకొచ్చి పట్టు. దానికి నీ నడకే అలవాటు."

పాస్టరు గారు పక్కకు జరిగి చోటిచ్చారు.